రష్యన్ సంగీతం: మొదట ఎవరిని వినాలి?

తెలుగు పాఠకుడికి రష్యా పరాయి దేశం కాదు. టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల మీదుగా మన ఇళ్ళలోకి వచ్చారు. రారా, ఉప్పల లక్ష్మణరావు వంటివారు ఏళ్ళ తరబడి మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. మా ఇంట్లో కూడా ఒక అర నిండా ఆ గట్టి అట్టల పుస్తకాలే ఉండేవి. కథలు వచ్చాయి, నవలలు వచ్చాయి. ఆ నవలల్లోని మనుషులు సాయంత్రం పూట పియానో చుట్టూ చేరి విన్న సంగీతం మాత్రం మన దాకా రాలేదు. ఇప్పుడు అదంతా ఫోనులోనే దొరుకుతోంది. దొరకడంతోనే కొత్త చిక్కు మొదలైంది. వందల గంటల సంగీతం, నోరు తిరగని పేర్లు, వాటి పక్కన అంకెలు. ఎటునుంచి లోపలికి వెళ్ళాలో తెలియదు.

"అందరికన్నా గొప్పవాడితో మొదలుపెట్టండి" అనే సలహా చాలామంది ఇస్తారు. నేను ఆ సలహానే పాటించి నష్టపోయాను. షొస్తకోవిచ్ అనే స్వరకర్త ఏడవ సింఫనీ (ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచన) వెనుక ఉన్న కథ చదివి చలించిపోయి, నేరుగా దానితోనే మొదలుపెట్టాను. అది గంటా పావు సాగుతుంది. ఇరవయ్యో నిమిషానికి నేను దారి తప్పిపోయాను. ఆ తరువాత రెండేళ్ళు రష్యన్ సంగీతం జోలికే వెళ్ళలేదు. ఆ రెండేళ్ళ గురించి ఇప్పటికీ బాధపడతాను. ఆ సింఫనీలో లోపం లేదు, నేను దాన్ని పట్టుకున్న వేళ సరైనది కాదు. అందుకే ఎవరైనా అడిగితే ఎవరు గొప్ప అనే చర్చలోకి వెళ్ళను. మీరు పాటలో దేనికోసం చెవి ఒగ్గుతారో అడుగుతాను. రాగం కోసమా, లయ కోసమా, కథ కోసమా, గుండె బరువు దించుకోవడానికా? దానిని బట్టి దారి మారుతుంది.

ముందు ఎనిమిది నిమిషాలు

ఏ దారి ఎంచుకున్నా సరే, దానికి ముందు ఒక చిన్న రచన వినమంటాను. బొరోదిన్ 1880లో రాసిన 'మధ్య ఆసియా స్టెప్పీ మైదానాలలో'. నిడివి ఎనిమిది నిమిషాలకు మించదు.

వయొలిన్లు చాలా పై స్థాయిలో ఒకే స్వరాన్ని పట్టి ఉంచుతాయి. మనకు తంబూర శ్రుతి కింద ఉంటుంది, ఇక్కడ ఆ శ్రుతి నెత్తిమీద ఆకాశంలా ఉంటుంది. దాని కింద క్లారినెట్ ఒక రష్యన్ పాట అందుకుంటుంది. కాసేపటికి తీగలను మీటుతూ గుర్రాల, ఒంటెల అడుగుల చప్పుడు దగ్గరవుతుంది. ఇంకొక వాయిద్యం మీద, ఇంకొక దేశపు పాట, వంపులు తిరుగుతూ వస్తుంది. ఇంతవరకూ మన చెవికి కష్టమేమీ లేదు. ఆ తరువాత జరిగేదే అసలు విషయం. రెండు పాటలూ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి మోగుతాయి. ఒకదాన్ని ఒకటి చెరిపేయవు. బిడారు సాగిపోతుంది, చివరికి వేణువు మీద రష్యన్ పాట తునక ఒక్కటే మిగులుతుంది.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మన సంగీతం కంటే ఎక్కడ వేరో ఈ ఎనిమిది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మనం ఒక్క రాగాన్ని లోతుగా తవ్వుతాం. వాళ్ళు రెండు మూడు గొంతులను ఒకేసారి నడిపిస్తారు. ఇది అర్థమైతే మిగతా దారి సగం నడిచినట్టే. బొరోదిన్ వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్య శస్త్రచికిత్స అకాడమీలో ప్రొఫెసర్. ప్రయోగశాల నుంచి మిగిలిన సమయంలో సంగీతం రాశాడు. రాసినది తక్కువే, కానీ ఆయనది మెత్తని చెయ్యి. ఈ ముక్క నచ్చితే 1881 నాటి ఆయన రెండవ స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల రచన)లోని మూడవ భాగం, 'నాక్టర్న్', వెంటనే వినండి. చెల్లో మొదలుపెట్టే ఆ పాట భార్య కోసం రాసింది.

ఇంకొక మాట. మన శాస్త్రీయ సంగీతం కొంచెం తెలిసినవారు వీళ్ళ స్వరాలను పరాయివనుకోనక్కరలేదు. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన ధీరశంకరాభరణం. వాళ్ళ హార్మోనిక్ మైనర్ స్కేలు మన కీరవాణి. గమకాలుండవు, మనోధర్మం ఉండదు, ప్రతి స్వరం కాగితం మీద ముందే రాసి ఉంటుంది. ఆ లోటును వాళ్ళు వాయిద్యాల రంగులతో, చప్పుడు నుంచి నిశ్శబ్దం దాకా ఉన్న మెట్లతో పూరిస్తారు. అందుకే ఫోను స్పీకరులో వినవద్దని నా విన్నపం. ఆ మెట్లలో సగం మీకు వినిపించవు. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.

రాగం కోసం వినేవారికి: చైకోవ్‌స్కీయా, రఖ్మానినోవా?

పాత సినిమా పాటల పల్లవి మనసులో పట్టుకుని రోజంతా తిరిగేవారికి ఈ ఇద్దరే సరైనవాళ్ళు. ఇద్దరికీ పియానో కన్సర్టోలు ఉన్నాయి. కన్సర్టో అంటే ముందు ఒక వాయిద్యం, వెనుక పూర్తి ఆర్కెస్ట్రా, రెండింటి మధ్య సంభాషణ. కాబట్టి వాటినే పక్కపక్కన పెట్టి చూద్దాం.

చైకోవ్‌స్కీ మొదటి పియానో కన్సర్టో ఆరంభం మీరు ఎక్కడో అక్కడ విని ఉంటారు. హార్న్‌లు పిలిచినట్టు మోగుతాయి, పియానో పెద్ద పెద్ద స్వరసముదాయాలతో కింద నుంచి పై దాకా దూకుతుంది, తీగవాద్యాలు విశాలమైన పాట ఎత్తుకుంటాయి. కొత్తవారు ఒకటి ముందే తెలుసుకోవాలి. ఆ పాట మళ్ళీ రాదు. ముప్పై అయిదు నిమిషాల రచనలో మొదటి నాలుగైదు నిమిషాల్లోనే వచ్చి వెళ్ళిపోతుంది. అది తిరిగి వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే మిగతా అందాలు జారిపోతాయి. 1874 డిసెంబరులో చైకోవ్‌స్కీ దీన్ని మాస్కో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) అధిపతి నికొలాయ్ రూబిన్‌స్టీన్‌కు వాయించి వినిపిస్తే, ఆయన కటువుగా తీసిపారేశాడు. చైకోవ్‌స్కీ ఒక్క స్వరం కూడా మార్చనన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో హాన్స్ ఫాన్ బ్యూలో తొలిసారి వాయించాడు. ఆ తరువాత రూబిన్‌స్టీన్ మనసు మార్చుకుని తానే ఈ కన్సర్టోను నడిపించాడు.

రఖ్మానినోవ్ రెండవ కన్సర్టో ఇందుకు పూర్తిగా భిన్నంగా మొదలవుతుంది. పియానో ఒంటరిగా, దూరంగా చర్చి గంట మోగినట్టు, మెల్లగా మొదలై ఒక్కొక్క మోతకూ బరువు పెంచుకుంటూ వస్తుంది. ఆ తరువాత అసలు పాటను ఆర్కెస్ట్రాకు ఇచ్చేసి, పియానో వెనుక నిలబడి అలలు కడుతుంది. దీనికి ముందు ఆయన జీవితంలో ఒక చీకటి ఉంది. 1897లో ఆయన మొదటి సింఫనీ ఘోరంగా విఫలమైంది. మూడేళ్ళ పాటు దాదాపు ఏమీ రాయలేకపోయాడు. నికొలాయ్ దాల్ అనే వైద్యుడి దగ్గర చికిత్స పొందాక, 1900-01లో రాసిన రచన ఇది. దాన్ని ఆ వైద్యుడికే అంకితమిచ్చాడు. ఇది తెలిసి వింటే ఆ తొలి గంటలు వేరుగా వినిపిస్తాయి.

రెండింట్లో ఏది? నా ఎంపిక రఖ్మానినోవ్, అందులో తటపటాయింపు లేదు. కారణం ఇది. చైకోవ్‌స్కీ ఒక చిన్న పదబంధం తీసుకుని, దాన్నే ఒక మెట్టు పైకి, ఇంకొక మెట్టు పైకి ఎత్తుతూ ఉద్వేగాన్ని పెంచుతాడు. రఖ్మానినోవ్ పాట పక్కపక్క స్వరాల మీదే నడుస్తూ, ఎక్కడా తెగకుండా, చాలా దూరం సాగుతుంది. రష్యన్ చర్చిలో పాడే ప్రాచీన కీర్తనల నడక అది. సాగదీసిన రాగానికి అలవాటుపడిన మన చెవి ఈ నడకను త్వరగా పోల్చుకుంటుంది. ముఖ్యంగా రెండవ భాగం. వేణువు, క్లారినెట్ ఒకరి మాట ఒకరు అందుకుంటుంటే పియానో వాటి కింద మెల్లగా ఊగుతుంటుంది. పని ముగించుకుని ఇంటికొచ్చాక దీపం తగ్గించి వినవలసిన పదకొండు నిమిషాలు.

ఆయనదే 'వొకలీజ్' కూడా వినండి. మాటలు లేని పాట, ఒకే అచ్చు మీద పాడతారు. అకారంలో రాగాలాపన వినే అలవాటున్న మనకు మాటలు లేకపోవడం లోటుగా అనిపించదు.

అయితే చైకోవ్‌స్కీని పక్కన పెట్టమని అనడం లేదు. ఆయన అసలు ఎత్తు కన్సర్టోలో కంటే ఆరవ సింఫనీ 'పథెటిక్'లో కనిపిస్తుంది. అందులో రెండవ భాగం ఒక వాల్ట్జ్‌లా ఊగుతుంది, కానీ వాల్ట్జ్‌కు ఉండవలసిన మూడు మాత్రలు ఇందులో ఉండవు, అయిదు ఉంటాయి. రెండు, మూడుగా విరుగుతుంది: తక, తకిట. మన ఖండ నడక. ఆ కాలపు పాశ్చాత్య శ్రోతలకు ఈ నడక కుంటినట్టు అనిపించిందట. మీకు మాత్రం చేతి వేళ్ళు తమంతట తామే తాళం వేస్తాయి. 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయనే దీని తొలి ప్రదర్శన నడిపించాడు. తొమ్మిది రోజులకు మరణించాడు. ఈ సింఫనీని రెండో నెలలోనో మూడో నెలలోనో వినండి, మొదటి వారంలో వద్దు.

మొదటి వారంలో చైకోవ్‌స్కీయే కావాలంటే 1880 నాటి 'సెరెనేడ్ ఫర్ స్ట్రింగ్స్' మంచిది. తీగవాద్యాలు మాత్రమే ఉంటాయి, చెవికి ఒత్తిడి లేదు. పిల్లలతో కలిసి వినాలంటే 'నట్‌క్రాకర్'. దీన్ని పూర్తి బాలేగా (నృత్యనాటకంగా) వినాలా, ఇరవై నిమిషాల సూట్‌గా, అంటే ఎంచిన భాగాల కూర్పుగా వినాలా అని అడుగుతారు. చూడటానికైతే పూర్తి బాలే, వినడానికైతే సూట్. అందులో గాజు గంటల్లా మోగే సెలెస్టా అనే వాయిద్యం ఉంది. చైకోవ్‌స్కీ దాన్ని పారిస్‌లో చూసి ముచ్చటపడి, తోటి స్వరకర్తలు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ తనకంటే ముందే వాడేస్తారేమోనని గుట్టుగా తెప్పించుకున్నాడు.

కథ కోసం వినేవారికి: షెహెరజాదేనా, చిత్రప్రదర్శనా?

చైకోవ్‌స్కీ కన్సర్వేటరీలో చదువుకున్నవాడు. ఆయన కాలంలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అయిదుగురు మిత్రులు, కన్సర్వేటరీ చదువు లేకుండానే, రష్యన్ జానపదం నుంచి సంగీతం పుట్టించాలని పంతం పట్టారు. బలకిరేవ్ వారికి గురువు. మిగిలిన నలుగురిలో బొరోదిన్ రసాయన శాస్త్రజ్ఞుడు, క్యూయి కోటల నిర్మాణ ఇంజినీరు, ముస్సోర్గ్‌స్కీ సైన్యం వదిలి గుమాస్తా అయినవాడు, రిమ్‌స్కీ-కోర్సకోవ్ నావికాదళ అధికారి. విమర్శకుడు స్తాసోవ్ 1867లో వాళ్ళకు 'బలమైన గుప్పెడు' అని పేరు పెట్టాడు. ఈ గుప్పెడులో కొత్త శ్రోతకు రెండు తలుపులు తెరిచి ఉన్నాయి.

ఒకటి రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1888లో రాసిన 'షెహెరజాదే'. అరేబియన్ నైట్స్‌లో ప్రతి రాత్రీ ఒక కథ చెప్పి ప్రాణం నిలుపుకున్న ఆ అమ్మాయి మనకు కొత్తది కాదు. మొదట సుల్తాను వస్తాడు, బరువైన ఇత్తడి వాయిద్యాలతో, కాలు నేలకేసి కొట్టినట్టు. ఆ వెంటనే ఒంటరి వయొలిన్, పక్కన హార్ప్. అదే ఆమె గొంతు. నలభై అయిదు నిమిషాల్లో ఎన్ని తుపానులు, ఎన్ని పండుగలు వచ్చినా ఆ వయొలిన్ మళ్ళీ మళ్ళీ వచ్చి కథ అందుకుంటుంది. చివర్లో ఓడ బద్దలవుతుంది, సముద్రం శాంతిస్తుంది. అప్పుడు సుల్తాను స్వరాన్ని జాగ్రత్తగా వినండి. మొదట గద్దించిన గొంతే ఇప్పుడు మెత్తబడి ఉంటుంది. ఆ మార్పు కోసమే నేను ఈ రచనను ఇన్నిసార్లు విన్నాను. రాసినవాడు కుర్రతనంలో దాదాపు మూడేళ్ళు ఓడ మీద తిరిగినవాడు. ఆ సముద్రం ఊహించి రాసింది కాదు.

రెండవది ముస్సోర్గ్‌స్కీ 'ఒక ప్రదర్శనలోని చిత్రాలు'. ఆయన మిత్రుడు, వాస్తుశిల్పి, చిత్రకారుడు విక్టర్ హార్ట్‌మన్ 1873లో నలభై నిండకుండానే చనిపోయాడు. మరుసటి ఏడాది అతని బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. అది చూసివచ్చిన ముస్సోర్గ్‌స్కీ 1874 జూన్‌లో మూడు వారాల్లో ఈ పియానో రచన పూర్తిచేశాడు. బొమ్మకూ బొమ్మకూ మధ్య నడకను కూడా సంగీతంలో పెట్టాడు. ఆ 'ప్రొమెనాడ్' అయిదు మాత్రలు, ఆరు మాత్రలు మార్చి మార్చి వేస్తూ నడుస్తుంది. ఏదో ఆలోచిస్తూ, ఆగి ఆగి నడిచే మనిషి అడుగుల్లా ఉంటుంది. గుడ్డు పెంకుల్లో గంతులేసే కోడిపిల్లలు, బరువు లాగే ఎడ్ల బండి, కోడికాళ్ళ మీద నిలిచిన మంత్రగత్తె గుడిసె. చిన్నప్పుడు రష్యన్ జానపద కథలు తెలుగులో చదివినవారు ఆ గుడిసెను వెంటనే గుర్తుపడతారు, అది బాబా యాగాది. చివరిది కీవ్ నగర మహాద్వారం. హార్ట్‌మన్ గీశాడే కానీ ఆ ద్వారం ఎన్నడూ కట్టలేదు. ఇప్పుడు అది ఈ సంగీతంలోనే నిలబడి ఉంది.

ఒకే కథను ముప్పావుగంట పట్టుకోగలిగినవారికి షెహెరజాదే. మనసు త్వరగా మారేవారికి, రెండు మూడు నిమిషాలకొక కొత్త బొమ్మ కావాలనేవారికి ముస్సోర్గ్‌స్కీ. ఇక ఆయన రచనలో మళ్ళీ ఒక ఎంపిక: పియానో మీద వినాలా, 1922లో ఫ్రెంచి స్వరకర్త రవెల్ ఆర్కెస్ట్రాకు మార్చినదా? కొత్తవారు రవెల్‌తో మొదలుపెట్టండి, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క వాయిద్యం ఉంటుంది కాబట్టి తేలికగా గుర్తుంటుంది. పాత కోట ముందు పాడే గాయకుడి గొంతుగా శాక్సఫోన్ వాడాడు రవెల్. కానీ అక్కడే ఆగిపోవద్దు. నాకు పియానో రూపమే ఎక్కువ నిజం అనిపిస్తుంది. రవెల్‌లో పట్టుబట్టల మెరుపు ఉంది, పియానోలో మిత్రుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఒక్కడే ఖాళీ గదుల్లో నడుస్తున్నాడు.

ఈ రష్యన్ స్వరకర్తలందరికీ మూలపురుషుడు గ్లింకా. చరిత్ర పుస్తకం ఆయనతోనే మొదలవుతుంది, మీ వినికిడి అలా మొదలుకానక్కరలేదు. 'రుస్లాన్, లుద్మిలా' ఒపెరా ప్రారంభ సంగీతం, ఆ అయిదు నిమిషాలూ ఎప్పుడైనా ఉదయం పూట వినండి, నిద్ర వదిలిపోతుంది.

లయ కోసం వినేవారికి

ఇక్కడ పోటీ స్త్రవిన్‌స్కీకీ ప్రకోఫియెవ్‌కూ మధ్య. డప్పు మోగితే కాలు నిలవనివారికి స్త్రవిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' బాలే సంగీతం సరిపోతుంది. వసంతం రావడానికి ఒక కన్యను బలి ఇచ్చే ఆటవిక క్రతువు దాని ఇతివృత్తం. 1913 మే 29న పారిస్‌లో తొలి ప్రదర్శన నాడు ప్రేక్షకులు ఎంత గోల చేశారంటే, వేదిక మీద నాట్యం చేసేవారికి ఆర్కెస్ట్రా వినిపించలేదు. తీగవాద్యాలన్నీ ఒకే కరకు స్వరసముదాయాన్ని కొడుతూ ఉంటే, దరువు ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. చివరి నాట్యంలో తాళం దాదాపు ప్రతి ఆవర్తానికీ మారిపోతుంది. శబ్దం కరకుగా ఉంటుందని భయపడనక్కరలేదు. మృదంగం మీద లెక్కలు విని ఆనందించే చెవికి ఇది పాశ్చాత్యుల చెవికంటే తేలికగా పట్టుబడుతుందని నా నమ్మకం. భయంగానే ఉంటే ముందు 1910 నాటి 'ఫైర్‌బర్డ్' బాలే నుంచి తీసిన సూట్ వినండి, అందులో ఇంకా గురువు రిమ్‌స్కీ-కోర్సకోవ్ రంగులు కనిపిస్తాయి.

ఇంట్లో అయిదారేళ్ళ పిల్లలున్నవారికి వేరే ఆలోచన అక్కరలేదు. ప్రకోఫియెవ్ 1936లో మాస్కో బాలల నాటకశాల కోసం రాసిన 'పీటర్ అండ్ ద వుల్ఫ్' వినిపించండి. పిట్టకు వేణువు, బాతుకు ఒబో, పిల్లికి క్లారినెట్, తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు, పీటర్‌కు తీగవాద్యాలు. అరగంటలో పిల్లలు ఆర్కెస్ట్రాను పేరు పేరునా గుర్తుపట్టడం నేర్చుకుంటారు. రికార్డులో కథ ఇంగ్లీషులో సాగుతుంది కాబట్టి ముందు రోజు రాత్రి మీరే ఆ కథను తెలుగులో చెప్పి పడుకోబెట్టండి. పెద్దవాళ్ళకైతే ఆయన మొదటి సింఫనీ 'క్లాసికల్' వినమంటాను. పదిహేను నిమిషాలే, గలగల పారే వాగులా ఉంటుంది.

బరువు మోయగలిగినవారికి

షొస్తకోవిచ్‌ను నేను తప్పు వేళలో మొదలుపెట్టానని చెప్పాను. ఇప్పుడు ఆయనే నాకు అందరికన్నా ఆప్తుడు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

1936 జనవరి 28న కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'ప్రావ్దా' ఆయన ఒపెరాను సంగీతం స్థానంలో గందరగోళమని తిట్టిపోసింది. స్టాలిన్ కాలంలో ఆ పత్రిక మాట ఉత్త విమర్శ కాదు. మనుషులు రాత్రికి రాత్రి మాయమయ్యే రోజులవి. ఆ ఏడాదే పూర్తిచేసిన నాలుగవ సింఫనీని ఆయన వెనక్కి తీసుకున్నాడు. 1937 నవంబరు 21న లెనిన్‌గ్రాద్‌లో (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు ఆనాటి పేరు) ఆర్కెస్ట్రా నిర్దేశకుడు మ్రవిన్‌స్కీ చేతుల మీదుగా అయిదవ సింఫనీ వినిపించాడు. మూడవ భాగంలో జనం ఏడ్చారు, చివర అరగంటకు పైగా చప్పట్లు కొట్టారు. ఆ ముగింపు నిజమైన విజయమా, కొట్టి నవ్వమంటే నవ్విన నవ్వా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మీరు విని మీ తీర్పు చెప్పుకోండి. నాకు అందులో మేకులు దిగుతున్న చప్పుడు వినిపిస్తుంది.

ఏడవది 'లెనిన్‌గ్రాద్' సింఫనీ. జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ఆకలితో చంపుతున్న రోజుల్లో, 1942 ఆగస్టు 9న, కార్ల్ ఎలియాస్‌బర్గ్ బతికి మిగిలిన వాద్యకారులను కూడగట్టి అదే నగరంలో దీన్ని వాయించాడు. సాధనలో నిలబడలేక కూలిపోయినవాళ్ళున్నారు. ఆ రాత్రి లౌడ్‌స్పీకర్లు ఆ సంగీతాన్ని శత్రువు కందకాల దాకా వినిపించాయి. ఈ చరిత్ర చదివి నేరుగా దీనికే వెళ్ళాలనిపించడం సహజం. అయినా ఆగండి, అయిదవది బాగా పట్టుబడ్డాకే ఏడవది.

సింఫనీల నిడివికే భయపడేవారికి ఎనిమిదవ స్ట్రింగ్ క్వార్టెట్ ఉంది. నలుగురే వాద్యకారులు, ఇరవై నిమిషాలు, అయిదు భాగాలు ఆగకుండా సాగుతాయి. 1960 జులైలో, యుద్ధంలో నేలమట్టమైన డ్రెస్డెన్ నగరం దగ్గర ఉన్నప్పుడు, మూడు రోజుల్లో రాశాడు. ఫాసిజానికి, యుద్ధానికి బలైనవారికి అంకితం. తన పేరునే నాలుగు స్వరాలుగా మార్చి అందులో దాచాడు. జర్మన్ పద్ధతిలో పేరు పొడి అక్షరాలే స్వరాల పేర్లవుతాయి. మన లెక్కలో చెప్పాలంటే చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జం, మంద్ర కాకలి నిషాదం. 'రి గ స ని' అని ఒకసారి మెల్లగా పాడుకుని, అప్పుడు రికార్డు పెట్టండి. చెల్లో ఆ నాలుగు స్వరాలతోనే మొదలవుతుంది, తరువాత అవి మిమ్మల్ని వదలవు. రెండవ భాగంలో అరుస్తాయి, చివర్లో చల్లారిపోతాయి. షొస్తకోవిచ్‌కు నా దృష్టిలో సరైన తలుపు ఇదే. మనసు బాగాలేని రోజున మాత్రం వద్దు. ఆ రోజుకు ఆయనే తన కొడుకు కోసం 1957లో రాసిన రెండవ పియానో కన్సర్టో నడిమి భాగం ఉంది, అది ఓదారుస్తుంది.

దేవుడి గదిలోని నిశ్శబ్దం ఇష్టపడేవారికి రఖ్మానినోవ్ 1915లో రాసిన 'ఆల్ నైట్ విజిల్', అంటే రాత్రంతా సాగే జాగరణ ప్రార్థన. రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో వాయిద్యాలకు చోటు లేదు, అంతా మనుషుల గొంతులే. మగ గొంతులు ఎంత కిందికి దిగుతాయంటే, నేల లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటుంది. స్క్రియాబిన్ పేరు కూడా మీరు వింటారు. హిమాలయాల పాదాల దగ్గర ఏడు రోజుల మహాక్రతువుగా ఒక రచన జరిపించాలని కలగన్నవాడు, అది పూర్తికాకుండానే 1915లో పోయాడు. ఆయన్ని తొందరపడి వినవద్దు. రఖ్మానినోవ్ చెవికి ఎక్కాక, పక్క బెంచీలో చదువుకున్న ఈ సహాధ్యాయి ఎంత వేరే దారి పట్టాడో చూడటానికి వెళ్ళండి.

ఎవరు వాయించినది వినాలి?

ఒకే రచనకు వందల రికార్డులుంటాయి. మొదటిసారికి ఇవి నమ్మవచ్చు. రఖ్మానినోవ్ రెండవ కన్సర్టోకు స్వ్యతొస్లావ్ రిహ్‌టర్ 1959లో వార్సాలో చేసినది. అందులో ఆరంభపు గంటలు ఎంత నిదానమో చూడండి. తరువాత రఖ్మానినోవే 1929లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో వాయించినది పెట్టండి. శబ్దం పాతబడింది, కానీ కన్నీళ్ళు లేకుండా ఎంత వేగంగా, ఎంత నిటారుగా వాయించాడో తెలుస్తుంది. చైకోవ్‌స్కీ సింఫనీలకు మ్రవిన్‌స్కీ 1960లో లెనిన్‌గ్రాద్ ఆర్కెస్ట్రాతో చేసినవి. షెహెరజాదేకు ఫ్రిట్జ్ రైనర్, షికాగో ఆర్కెస్ట్రా, 1960. ముస్సోర్గ్‌స్కీ పియానోకు రిహ్‌టర్ 1958 సోఫియా కచేరీ, అందులో శ్రోతల దగ్గులు వినిపిస్తాయి, పట్టించుకోవద్దు. షొస్తకోవిచ్ క్వార్టెట్‌కు బొరోదిన్ క్వార్టెట్ బృందం.

వినేటప్పుడు భాగాల వరుస చెదరకుండా చూసుకోండి. కొన్ని యాప్‌లు భాగాలను కలిపేస్తాయి, మధ్యలో ప్రకటనలు చొప్పిస్తాయి. వారానికి ఒక్క రచన చాలు, అదే మూడుసార్లు. మొదటిసారి పని చేసుకుంటూ, రెండోసారి కూర్చుని, మూడోసారి కళ్ళు మూసుకుని. మూడు రచనలు ఒక్కొక్కసారి వినడం కంటే ఒక్కటి మూడుసార్లు వినడం మేలు. పథెటిక్ మొదటి భాగంలో ఒకచోట సంగీతం వినపడీ వినపడనంత సన్నగిల్లుతుంది. అక్కడ చైకోవ్‌స్కీ 'మెల్లగా' అనే గుర్తును ఆరుసార్లు రాశాడు. వినపడటం లేదని శబ్దం పెంచకండి. ఆ మరుక్షణమే ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది.

ప్రత్యక్షంగా వినే అవకాశం వస్తే రికార్డులన్నీ పక్కన పెట్టి వెళ్ళండి. మన దేశంలో ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. హైదరాబాదు నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. అమెరికాలో ఉన్న తెలుగువారికి డిసెంబరు వస్తే ఏ పెద్ద ఊళ్ళోనైనా నట్‌క్రాకర్ దొరుకుతుంది, పిల్లలను తీసుకెళ్ళండి. పథెటిక్ ఎక్కడ వాయిస్తున్నా వదులుకోవద్దు. దాని మూడవ భాగం ఒక కవాతు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు ఎంత గెలుపుతో ముగుస్తాయంటే, హాలులో సగం మంది అయిపోయిందనుకుని చప్పట్లు మొదలుపెడతారు. మీరు చేతులు ఒడిలోనే ఉంచుకోండి. ఇంకొక భాగం ఉంది, అది చాలా నిదానంగా మొదలవుతుంది, చెల్లోలు, డబుల్ బాస్‌ల ఊపిరి ఆగిపోయినట్టు ముగుస్తుంది.